గంట ఊడదీసిన గడియారం

ప్రింటింగ్ ప్రెస్సులో నలభై ఏళ్ళు పుస్తకాలు కుట్టిన బైండరమ్మను, అరవై ఎనిమిదేళ్ళదాన్ని, ఒంటరిగా ఉంటున్నదాన్ని, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా రాస్తున్న వీలునామా ఇది. ‘పూర్తి తెలివితో’ అన్న మాట కావాలనే ముందు పెట్టాను. పదిహేడో ఏట నాకు మూర్ఛరోగమని తేల్చారు. అప్పటినుంచీ మా ఇంట్లో నా మాట ఎవరూ చెవిన పెట్టలేదు.

1. రెండు గదుల ఈ ఇల్లు నా స్వార్జితం. ఉలిక్కిపడకూడదని డాక్టరమ్మ చెప్పాక, కాలింగ్ బెల్ తీగ నేనే పీకేశాను. మూడేళ్ళయింది. బెల్లు మోగడం లేదని ఇంతవరకు ఎవరూ అనలేదు. ఇల్లు మా తమ్ముడికి, నాలుగో అంశంలోని షరతుకు లోబడి.

2. కుట్టుసూదులు, కాగితం కత్తి ప్రెస్సులో నా చోట కూర్చున్న అమ్మాయికి. కత్తికి పదును పెట్టించుకో తల్లీ, మొద్దు కత్తే వేలు కోస్తుంది.

3. అలారం గడియారం. దీని సంగతి ఇన్నాళ్ళూ నోరు విప్పి చెప్పలేదు. మా చెల్లి కూడా నాలాగే పడిపోయేది. మూర్ఛమాత్రల మత్తుకు లేవదేమోనని, పరీక్షరోజు దాని చెవి పక్కన ఈ గడియారం పెట్టింది నేనే. మోగింది. చెల్లి లేచి కూర్చుని, నా వైపు చూసి, పక్కకు ఒరిగిపోయింది. పందొమ్మిదేళ్ళు దానికి. మూర్ఛతో పోయిందన్నారు, నేనూ నమ్మాను.

మూడేళ్ళ కింద నేను పడిపోతే, కొత్త డాక్టరమ్మ తలను వదిలి గుండెకు పరీక్ష చేసింది. వంశంలో వచ్చే లోపమట. గుండె లయ తప్పి మెదడుకు రక్తం అందకపోతే, చూసేవాళ్ళకు అది మూర్ఛలాగే ఉంటుందట. కొందరికి ఉన్నట్టుండి మోగే చప్పుడే చాలట. ఆ రోజే ఇంటికొచ్చి గడియారం గంట ఊడదీశాను. టైము మాత్రం సరిగ్గానే చూపిస్తుంది. ఇది మా తమ్ముడి మనవరాలు పిచ్చుకకు.

4. పిచ్చుక బడిగంటకు రెండుసార్లు పడిపోయింది. మూర్ఛమాత్రలు వేస్తున్నారు. ఈసీజీ తీయించమంటే తమ్ముడు, “ఉన్న జబ్బు చాలదా అక్కా, ఇంకోటి కూడా పిల్లకు అంటగడతావా?” అని ఫోన్ పెట్టేశాడు. షరతు ఇది: పిల్లకు ఈసీజీ తీయించి, నా ఈసీజీతో కలిపి డాక్టరమ్మకు చూపించాలి. ఆవిడ చెప్పేదాకా మాత్రలు ఆపకూడదు, రెండు జబ్బులూ ఉన్నవాళ్ళూ ఉంటారట. చూపించకపోతే ఇల్లు వీధి చివరి లైబ్రరీకి పోతుంది. అమలు బాధ్యత ప్రెస్సు మేస్త్రిది.

5. వీలునామా మనిషి పోయాక చదువుతారు. పిచ్చుకకు అంత వ్యవధి లేదు. అందుకని దీని నకలు, నా ఈసీజీ కాగితం ఈ రోజే తమ్ముడికి పంపుతున్నాను. నాతో మాట్లాడకపోయినా సరే తమ్ముడూ, ముందు పిల్లను తీసుకెళ్ళు. నువ్వూ చూపించుకో. తర్వాత ఎప్పుడైనా ఇటు వస్తే, తలుపు మెల్లగా తట్టు. నేను ముందుగదిలోనే ఉంటాను.

తేదీ: ఆదివారం, బడులు తెరిచే ముందు రోజు.

సంతకం: బైండరమ్మ

సాక్షులు: మందుల షాపు ఆవిడ, ఎదురింటి టైలరు