చివరి పేజీలో అన్నయ్య

కిరందుల్,
ఆదివారం మధ్యాహ్నం.

మహారాజశ్రీ మా అమ్మగారి పాదపద్మములకు,

మీ ద్వితీయ సంతానం, బీఎస్సీ సెకండ్ క్లాసు, ఊర్మిల వంగి నమస్కరించి, నడుం పట్టేసినందువల్ల అలాగే వంగి ఉండి రాయునది. ఇక్కడ నేనూ నాన్నా బాగానే ఉన్నాం. కొత్తవలసలో నువ్వూ పెద్దమ్మా బాగున్నారనీ, టీవీ రిమోటు విషయంలో మీ అక్కచెల్లెళ్ళకి సంధి కుదిరిందనీ తలుస్తాను.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. నాన్న బీపీ మాత్ర వేసుకుంటున్నారు. గుటక పడేదాకా ఎదురుగా నిలబడే ఉంటున్నాను. చారులో ఉప్పు సరిపోతోందా అన్నావు. నాన్న ఏమీ అనడం లేదు. ఆయన ఏమీ అనకపోవడాన్ని ఏ ఖాతాలో వెయ్యాలో పాతికేళ్ళుగా వండిపెట్టిన నీకే తెలియాలి. కరివేపాకు మొక్క బతికే ఉంది. ఆకుల మీద గనుల ఎర్రదుమ్ము కడగకుండా పోపులో వెయ్యడం లేదు, ఒట్టు. ఫోను సంగతి ఇక ఎత్తను. ఆ కబురు ఫోనులోనే విన్నావు కాబట్టి మళ్ళీ దాన్ని చెవిదాకా రానివ్వనన్నావు, సరే. దీనివల్ల నా దస్తూరీ బాగుపడింది. మన పోస్టుమాన్ మంగ్లూకి తెలుగు ఒక్క అక్షరం రాకపోయినా కవరు చూసి మెచ్చుకున్నాడు.

ఇవాళ నెల మొదటి ఆదివారం కదా, పొద్దున తెలుగు సంఘం గదిలో, ఎవరికి ఏ పుస్తకం దొరికిందో చెప్పుకునే మన పుస్తకాల పంచాయితీ జరిగింది. అధ్యక్షులు యేసుపాదం అంకుల్ ఎప్పట్లాగే ఇస్త్రీ చొక్కా వేసుకుని, "కొనుక్కున్నవి ముందు, బీరువాలో దొరికినవి తర్వాత. వరస తప్పితే ఛాయ్ ఉండదు" అని ప్రకటించారు. ఉమామహేశ్వరి ఆంటీ జగదల్‌పూర్‌లో కొన్న యోగాసనాల పుస్తకం చూపించింది. అది హిందీలో ఉంది. "తెలుగు సంఘంలో హిందీ ఏటమ్మా?" అన్నారు అంకుల్. "బొమ్మలున్నాయి కదండీ, నడుం వంచడానికి భాషెందుకు?" అంది ఆంటీ.

కాశయ్యగారికి గీదం సంతలో ఒక పాత డిటెక్టివ్ నవల దొరికింది. చివరి పదహారు పేజీలు లేవు. పాపం ఆయన లేచి నిలబడి, "హత్య చేసిందెవరో తెలిసినవాళ్ళు దయచేసి నా చెవిలో చెప్పండి, మూడు రోజులుగా నిద్ర లేదు" అని చేతులు జోడించారు.

నీ వంతు వచ్చినప్పుడు నీ ఉత్తరంలో ముక్క నేను చదివాను. విశాఖపట్నం ఫుట్‌పాత్ మీద తోటపని పుస్తకం కొన్నావని, పెద్దమ్మ ఇంట్లో ఒక్క కుండీ కూడా లేదని. అందరూ నవ్వారు. "వదిన మారలేదు" అంది ఆంటీ. నీ తర్వాత వరసలో అన్నయ్య పేరు ఉంటుంది. అంకుల్ దాన్ని కొట్టెయ్యలేదు. "అభిషేక్" అని చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, తర్వాతి పేరు చదివారు. ప్రతి నెలా ఇంతే. నువ్వొచ్చి కూర్చుంటే ఉలిక్కిపడకుండా ఉంటావని ముందే చెబుతున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. రిమోటు, కరివేపాకు, కాశయ్యగారి హంతకుడు, ఇవన్నీ దాన్ని వెనక్కి నెట్టడానికి తెచ్చుకున్నవే.

వచ్చే శనివారం పాసింజరులో వస్తున్నానని రాశావు. అన్నయ్య ఆఖరుగా చదివిన పుస్తకం తీసిపెట్టమన్నావు, చివరి పేజీలో వాడి అక్షరాల మీద ఒకసారి చెయ్యి పెట్టుకోవాలన్నావు. పోనీలే, చేతిలో ఉన్న పుస్తకమైనా పూర్తి చేసుకుని వెళ్ళాడు అన్నావు. ఆ ఒక్క వాక్యం దగ్గర ఇంకు కొంచెం అలుక్కుపోయింది. నీ ఉత్తరం వచ్చి పదకొండు రోజులైంది. జవాబు ఇందుకే ఆలస్యం.

నువ్వు వెళ్ళిన ఈ ఎనిమిది నెలల్లో, సంఘం బీరువాల్లో వెతికి, అన్నయ్య రాసిన వాక్యాలు పదకొండు నీకు పంపాను. అమ్మా, అందులో వాడు రాసినవి అయిదే.

మన సంఘం నియమం నీకు తెలుసు. పుస్తకం తీసుకునేటప్పుడు చివరి ఖాళీ పేజీలో పేరు, తారీఖు వెయ్యాలి. తిరిగి ఇచ్చేటప్పుడు దాని పక్కన, తర్వాత చదవబోయేవాళ్ళ కోసం ఒక్క వాక్యం రాయాలి. రెండు బీరువాలూ పుస్తకం పుస్తకం తిప్పాను. మనవాడు లావు పుస్తకాలు చంకలో పెట్టుకుని ఊరంతా తిరిగాడు గానీ, వాక్యం రాసి తిరిగిచ్చినవి అయిదు. "కథానాయకుడికి బుద్ధి లేదు, అందుకే నచ్చాడు" అన్నది నిజం. "మొదటి నలభై పేజీలు ఓపిక పట్టండి, ఆ తర్వాత పొయ్యి మీద అన్నం చూసుకోండి" నిజం. "నేను సగంలో ఉండగా మా అమ్మ లాక్కుని చదివి ముగింపు చెప్పేసింది, కాబట్టి నాకు అభిప్రాయం లేదు" అన్నదీ నిజమే. వాడి వాక్యాల్లో నువ్వున్నది అక్కడొక్కచోటే.

ఆ అయిదూ అయిపోయాక, "ఇంకోటి దొరికిందా" అని నీ ఉత్తరం వచ్చింది. దొరకలేదని రాయడానికే కూర్చున్నాను. కలం ఇంకోటి రాసింది. ఈ పుస్తకంలో తల్లి మాట్లాడితే మా అమ్మ మాట్లాడినట్టే ఉంది అని. వర్షం వచ్చిన ప్రతిచోటా మా అమ్మ వేడివేడిగా పెట్టిన పకోడీలు గుర్తొచ్చాయి అని. అవి వాడివి కావు, నావి. "వాడి మనసులో నేనింత ఉన్నానని నాకు తెలీదే" అని నువ్వు రాశావు. అది చదివి ఆపెయ్యాల్సింది పోయి, నేను ఇంకా తీపి ఎక్కువ వేశాను.

నీ కోసమే చేశానని చెబితే అది కూడా అబద్ధమే అవుతుంది. వాడిలా రాస్తున్నంతసేపూ వాడు పక్కనే కూర్చుని, "ఇలాగా నేను మాట్లాడేది, మొద్దూ?" అని నా నెత్తి మీద మొట్టుతున్నట్టు ఉండేది. ఆ మొట్టికాయ కోసం నేనూ రాశాను.

ఇలా అయిదు కల్పించాను. అవి ఉత్తరాల్లోనే ఉన్నాయి, ఏ పుస్తకంలోనూ లేవు. పదకొండోది మాత్రం పుస్తకంలోనే ఉంది. నువ్వు చెయ్యి పెట్టుకోవాలన్నది దాని మీదే.

వానలో గీదం నుంచి వస్తూ వాడి బండి జారిన రోజు, బండి డిక్కీలో ఆ ఓడ ప్రయాణం నవల ఉంది. పోలీసులు బట్టలతో పాటు ఇచ్చారు. పదోరోజు అయ్యాక, సంఘం పుస్తకం మనింట్లో ఉంచుకోవడం ఎందుకని నేనే తిరిగి ఇవ్వడానికి వెళ్ళాను. లైబ్రరీ చూసుకునే ముకేష్‌కి తెలుగు చదవడం రాదు కదా, పుస్తకాల్ని రంగుల్ని బట్టి సర్దుతాడు. అది ఎవరిదో వాడికి తెలీలేదు. చివరి పేజీ తీసి, వేలు పెట్టి, "దీదీ, పేరు ఉంది, తారీఖ్ ఉంది. లైన్ లేదు. లైన్ లేకుండా జమా చెయ్యను, అధ్యక్ష్‌జీ నన్ను పనిలోంచి ఛుట్టీ చేసేస్తారు" అన్నాడు.

ఇది మా అన్నయ్యది, వాడు లేడు అని చెప్పాలి. రెండు ముక్కలు, అంతే. అప్పటికి పది రోజులుగా వచ్చిన ప్రతివాళ్ళకీ అదే చెప్పి ఉన్నాను. ఆ కుర్రాడికి కూడా చెప్పడం నా వల్ల కాలేదు. బల్ల మీద పెన్ను ఉంది. వాడి కాలేజీ రికార్డులు సగం నేనే రాశానని నీకు తెలుసు, వాడి దస్తూరీ నా చేతికి అలవాటే. "చివరిదాకా చదివాను, ముగింపు బాగుంది, మా అమ్మకి నచ్చుతుంది" అని రాసి ఇచ్చేశాను. ముకేష్ స్టాంపు కొట్టి, నీలం పుస్తకాల పక్కన పెట్టాడు.

అమ్మా, వాడు చివరిదాకా చదవలేదు. నూట పద్దెనిమిదో పేజీ మూల మడిచి ఉంది. పుస్తకం మూడు వందల పేజీలు పైనే. ఓడ ఇంకా రేవు కూడా దాటలేదు.

నువ్వు అంత దూరం నుంచి రైల్లో వచ్చి, నా అక్షరాలు నిమిరి ఏడిస్తే నేను చూస్తూ నిలబడలేను. అందుకే రాస్తున్నాను. ఇది పోస్టులో వేస్తే నీకు వాడి దగ్గర్నుంచి ఇక ఏ వాక్యమూ రాదు. వాడి నోరు ఈసారి నేనే మూసేస్తున్నట్టుంది. నువ్వు నన్ను తిట్టు. వచ్చి తిట్టు. తిట్టడానికైనా శనివారం రైలెక్కు. రావడం మాత్రం మానకు.

ఆ పుస్తకం ఇంటికి తెచ్చాను, నాన్నకి చూపించలేదు. చివరి పేజీలో నిలువుగా ఒక గీత ఉంటుంది. కుడివైపున ఉన్నదంతా నాది. ఎడమవైపున వాడు పుస్తకం తీసుకున్న రోజు నిలబడే హడావిడిగా గీకిన పేరు, తారీఖు ఉంటాయి. ఇంటిపేరులో సున్నా చుట్టడం కూడా మర్చిపోయాడు. నువ్వు చెయ్యి ఎడమవైపు పెట్టమ్మా.

ఇట్లు,
వాడి దస్తూరీ దొంగిలించిన
నీ కూతురు
ఊర్మిల