పాసు మీది పేరు

ఆలంబీ అమ్మకు,

నీ కూతురు ఫర్హీన్ ఈ ఉత్తరం చదివి వినిపించేటప్పుడు నీ చెయ్యి పట్టుకుని కూర్చోవాలి.

నువ్వు అన్నానికి పిలిచి మూడు ఆదివారాలైంది. నేను రాలేకపోయాను. ఫ్యాక్టరీ ప్రమాదంలో కాలిన కార్మికుల కోసం చందాలు అడుగుతూ పొగమంచులో పటాన్‌చెరు నుంచి లక్డారం దాకా నడిచిన రోజు, ముక్కూమొహం తెలియని నాకు నీ శాలువా సగం కప్పావు. "దగ్గర నడువు బిడ్డా, సలికి వణుకుతున్నవ్" అన్నావు. లక్డారం చేరేసరికి నాకు తల్లి దొరికిందనుకున్నాను.

అక్కడ నువ్వు ఆ ప్రమాదంలోనే పోయిన నీ కొడుకు కాషిఫ్ జేబులో దొరికిన గేటు పాసు చూపించావు. ఫొటో కాలిపోయింది, పేరు మిగిలింది. "ఈ మొగులయ్య ఎవలో. ఈయన గూడ పోయిండేమో పాపం. నా కొడుకుతోని ఈయనకు గూడ దువా చేస్తున్న" అన్నావు.

మొగులయ్య నా భర్త. బతికే ఉన్నాడు. ఆ రోజు మా పాప పుట్టువెంట్రుకలు. సెలవు దొరక్క, ఆ షిఫ్టు లేక ఇంట్లో ఉన్న నీ కొడుక్కి తన పాసు ఇచ్చి డ్యూటీకి పంపాడు. మధ్యాహ్నం ఫ్యాక్టరీ నుంచి ఫోనొచ్చింది. "మీ ఆయన పోయిండమ్మా" అన్నారు. ఆయన నా ఎదురుగానే బంతిలో అన్నం వడ్డిస్తున్నాడు. రాంగ్ నంబరని నవ్వి పెట్టేశాను. నీకు సాయంత్రం దాకా కబురు అందలేదంటే ఆ నవ్వే కారణం. ఇప్పటికీ ఫోన్ మోగితే ముందు అదే వినిపిస్తుంది.

ఈ ఆదివారం ఇద్దరం వస్తాం. నువ్వు తలుపు తీయకపోయినా వాకిట్లో కూర్చుంటాం. మొగులయ్య పేరు మీద దువా మాత్రం ఆపకమ్మా. ఆ పేరుతో పోయింది నీ కొడుకే.

నీ శాలువాలో నడిచిన
బిడ్డ