రెండు కిలోలు పెరిగాను

అమ్మా, నాయనతో ఈ కార్డు చదివించుకో, ఇక దిగులు వద్దు.

నా బరువు చాలదని, బిడ్డ చిన్నగా ఉందని పోయిన నెల డాక్టరమ్మ అన్నది కదా. ఎక్కువ తింటే కాన్పు కష్టమని వీధిలో వాళ్లు భయపెట్టినా అత్తయ్య వినలేదు. మగ్గం ఆపి మరీ సంకటి, గుడ్డు, పప్పు దగ్గరుండి తినిపించింది. నిన్న వేలూరు ఆస్పత్రిలో తూచారు. రెండు కిలోలు పెరిగాను, బిడ్డ కూడా బాగా పెరిగిందట. ఇంటికి తిరిగొస్తూ గుడియాత్తం బస్సులో అత్తయ్య పక్కావిడతో, "ఈమె మా కోడలు. ఈ నెల రెండు కిలోలు ఎక్కినాది. అంతా నా చేతి కూడే" అన్నది. సిగ్గేసినా నవ్వుకున్నాను.

రవికలు బిగుతయ్యాయి, నీవి రెండు పంపు. నాయన మోకాలు ఎట్లుంది? చెల్లి శృతికి ముద్దులు. ఇది రాస్తుంటే బిడ్డ గట్టిగా తన్నింది. మీ ఇద్దరికీ అదే దాని నమస్కారం అనుకోండి.

జీవిత