మొగ దగ్గర మొదటి పడవ

ఆల్డర్ బే, ఆరెగన్
ఆగస్టు నెలాఖరు, ఆదివారం

ప్రియమైన టాయివోకి,

లొరెట్టా ముద్దులతో రాస్తున్నది. ఇక్కడ నేనూ, మామయ్యా ఒంట్లో బాగానే ఉన్నాం. ఒంటి సంగతి వరకూ అంతే. మిగతా విషయాల్లో బాగున్నామో లేదో ఈ ఉత్తరం మొత్తం చదివాక నువ్వే చెప్పాలి. అక్కడ అలాస్కాలో నువ్వు క్షేమమని నమ్ముతున్నాను. వేలు కోసుకున్నానని రాశావు, ఏ వేలో రాయలేదు. ఏ వేలైనా సరే, అది మానేదాకా చేపల కత్తి పట్టుకోకు. మొండితనం మీ వంశంలో ఇప్పటికే చాలినంత ఉంది.

ఊలు మేజోళ్ళు పంపాను. అందకపోతే ఆ తపాలా ఓడవాడు కాళ్ళకి వేసుకున్నాడనుకో.

ఈ వేసవి జనం ఎలా వస్తున్నారని అడిగావు. జూన్, జూలై నెలల్లో విరగబడి వచ్చారు. ఎప్పటిలాగే మన సముద్రాన్ని కాలిఫోర్నియా సముద్రం అనుకుని నిక్కర్లేసుకుని దిగారు. టిక్కెట్ల గది కిటికీ దగ్గర పళ్ళు టకటకలాడిస్తూ "తిమింగలాలు ఎన్ని గంటలకి వస్తాయండీ?" అని ఒకావిడ అడిగింది. "కాఫీ తాగి వస్తాయమ్మా" అన్నాను. రాసుకుంది పిచ్చితల్లి! లైట్‌హౌస్ మెట్లెక్కి దిగలేక ఏడ్చినవాళ్ళు, ఇసక దిబ్బల మీంచి పలక మీద జారి ప్యాంటు చింపుకున్నవాళ్ళు, కట్ట మీద పీతల వల వేసి తమ చెప్పునే పట్టుకున్నవాళ్ళు, అందరూ వచ్చారు. ఇప్పుడు ఎవరూ లేరు. గది తలుపులు మూసేసి పది రోజులు దాటింది.

ఎందుకు మూశానో చెప్పాలంటే నీ అసలు ప్రశ్నకి జవాబు చెప్పాలి. "మా నాన్న అద్దంలాంటి సముద్రం చూసి భయపడి పడవ వెనక్కి తిప్పాడని గ్లెన్ తమ్ముడు ఓడ మీద అందరి ముందూ నవ్వాడు. అబద్ధమని రాయి, వాడి పళ్ళు రాలగొడతాను" అని రాశావు. వాడి పళ్ళ జోలికి వెళ్ళకు. అది నిజమే. ఒక్కసారి కాదు, వెస్ అంత్యక్రియలైన దగ్గరనుంచీ రోజూ తిప్పారు.

మన రేవు పద్ధతి నీకు నేను చెప్పేదేముంది, నువ్వు అందులోనే పుట్టావు. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర, రాతికట్టకి లోపలే, తిమింగలాలు చూడొచ్చిన జనాన్ని ఎక్కించుకున్న పడవలన్నీ తెల్లారగట్ల వరసకట్టి ఆగుతాయి. ముందు 'హిల్మా', అందులో మీ నాన్న. ఆయన వెళ్తే అందరూ వెళ్తారు. ఆయన తిప్పితే అందరూ సణుక్కుంటూ తిప్పేస్తారు, జనానికి డబ్బు వాపసు ఇచ్చి లైట్‌హౌస్ చూసుకోమంటారు. ఎవరూ రాసిపెట్టిన రూలు కాదు. ఆయన తిప్పిన రోజున ఎప్పుడూ ఏదో ఒక పెద్ద కెరటం మొగలో విరిగేది కాబట్టి అలవాటైపోయింది. పెళ్ళై వచ్చిన కొత్తలో నేను గొప్పలు పోయేదాన్ని, మా మామయ్య వెళ్ళనిదే ఈ ఊళ్ళో సముద్రమే తెరవరని.

వెస్ పోయిన సంగతి కిందటి ఉత్తరంలో నాలుగు ముక్కల్లో రాసి ఊరుకున్నాను. అంతకుమించి అప్పుడు చేతకాలేదు. ఇప్పుడు రాస్తున్నాను, కూర్చుని చదువు.

ఆ రోజు పొగమంచు పల్చగా ఉంది. పోటు దిగుతోంది. 'హిల్మా' మీద బోయిసీ నుంచి వచ్చిన చర్చి పాటల బృందం ఉంది, మంచి మనుషులు, పడవ ఎక్కింది మొదలు పాటలే. నేనూ పడవ మీదే ఉన్నాను. మొగ దగ్గర ఆగాం. మామయ్య చుక్కాని గది కిటికీలోంచి తల బయటపెట్టి "అయ్యలారా, అమ్మలారా, ఒక్క నిమిషం నోళ్ళు మూసుకుంటారా?" అన్నారు. వాళ్ళు పకపకా నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన మాట తీరే అంత కదా. వాళ్ళు ఇంకో పాట ఎత్తుకున్నారు. మామయ్య కాసేపు అలాగే తల బయటపెట్టి ఉండి, తరవాత ఇంజను వేగం పెంచారు.

మధ్యలో ఉండగా దక్షిణం వైపు నుంచి కెరటం లేచింది. నేను అరిచాను. 'హిల్మా' దాని మీదికి ఎక్కి అవతల దభాలున పడింది, అందరం ఒకరి మీద ఒకరం పడ్డాం. మేం బయటపడ్డాం. కెరటం సరిగ్గా మా వెనకాల విరిగింది. మా వెనకాల వెస్ ఉన్నాడు.

వెస్ పడవ 'స్పారో' బోర్లాపడింది. వెస్ తన జనాన్ని ఒక్కొక్కరినీ నీళ్ళలోంచి పడవ అడుగు మీదికి తోశాడట, వాళ్ళే చెప్పారు. కోస్టుగార్డు పడవ వచ్చి అందరినీ ఎత్తుకుంది, వెస్‌నీ, మెడలో దుర్భిణి వేసుకున్న ఒక ముసలాయననీ తప్ప. మర్నాడు లైట్‌హౌస్ కింద ఇసకలో రంగురాళ్ళు ఏరుకునేవాళ్ళకి వెస్ కనబడ్డాడు. ముసలాయన ఇంకా దొరకలేదు. ఆయన భార్య మోటెల్లో వారం రోజులు ఎదురుచూసి వెళ్ళిపోయింది.

మీ నాన్నని ఎవరూ ఒక్క మాట అనలేదు టాయివో. అదే భయంకరం. "ఆర్వో వెళ్ళాడంటే మొగ బాగున్నట్టే. కెరటం ఎక్కణ్ణుంచో వచ్చింది, ఎవరేం చేస్తారు?" అన్నారు. వెస్ భార్య డార్లీన్ కూడా అదే అంది. పెళ్ళై రెండేళ్ళు కాలేదు, మొహంలో నెత్తురుచుక్క లేదు, ఆ పిల్ల మీ నాన్న చెయ్యి పట్టుకుని ఓదార్చింది.

అంత్యక్రియలయ్యాక చర్చి హాల్లో కాఫీలు. డార్లీన్ కప్పు పట్టుకుని ఉంటే మామయ్య కెటిల్ తీసుకుని పోశారు. కాఫీ కప్పులో పడలేదు, ఆ పిల్ల మణికట్టు మీద పడింది. "పాపం పెద్దాయన, దుఃఖంతో చెయ్యి వణుకుతోంది" అన్నారు పక్కనున్నవాళ్ళు. నేను పక్కనే ఉన్నాను. చెయ్యి వణకలేదు. రాయిలా నిలకడగా ఉంది. కప్పు ఎక్కడుందో ఆయనకి తెలియలేదంతే.

ఇంటికి బండి నేనే నడుపుకొస్తూ అడిగాను. మొదట బుకాయించారు.

"కళ్ళజోడు మారాలి అమ్మాయ్, అంతే."

"మామయ్యా, ఎదురుగా వస్తున్న బండి ఏ రంగు?"

బండి మా పక్కనుంచి వెళ్ళిపోయాక "ఎర్రది" అన్నారు. పక్కనుంచి వెళ్తే కనబడుతుందట. అంచులు కనబడతాయి, నడిమధ్య మసక. ఎదురుగా ఉన్న మనిషి మొహం ఉండదు, చెవులుంటాయి.

"ఎప్పట్నుంచి?"

"చలికాలం నుంచి."

అప్పుడు ఒక్కొక్కటీ గుర్తొచ్చింది. ఈ ఏడు ఆయన పెట్టిన కొత్త ఆట ఉంది కదా, తిమింగలాన్ని ముందు చూసి కేకేసినవాళ్ళకి ఒక పీత ఉచితమని? జనం ఎంత మురిసిపోయారు! ఇంతకాలం తానే ముందు చూసి చూపించే మనిషి పందెం ఎందుకు పెట్టాడో నాకు తట్టనే లేదు. పోటు వేళలు నా చేత చదివించుకోవడం, "కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయా" అనడం. మొగని చెవులతో దాటుతూ వచ్చారు టాయివో. కెరటాలు ఎక్కడ విరుగుతున్నాయో చప్పుడుని బట్టి. వసంతం అంతా, వేసవిలో సగం దాకా అలాగే దాటారు, ఒక్కసారీ తప్పు జరగలేదు. ఆ రోజు పాటల్లో చప్పుడు వినబడలేదు.

"మరి ఆగొచ్చు కదా!" అని అరిచాను.

"ఆగొచ్చు" అన్నారు.

"రేపే అందరికీ చెప్పండి. మీ వెనక రావద్దని చెప్పండి."

"చెప్తే డార్లీన్‌కి ఏం తెలుస్తుంది అమ్మాయ్? మొగుడు గుడ్డోడి వెనక వెళ్ళి చచ్చాడని తెలుస్తుంది. ఆ పిల్ల ఎలా బతుకుతుంది?"

నీకూ రాయొద్దని ఒట్టు పెట్టించుకున్నారు. అందుకే ఇన్నాళ్ళూ దాచాను. ఇవాళ పొద్దున్న ఆ ఒట్టు ఆయనే తీసేశారు, అది తరవాత చెప్తాను.

పడవ తీయడం మానేస్తారనుకున్నాను. మానలేదు. మానేస్తే ఇంకెవరో ముందు నిలబడి వెళ్తారని భయం, కారణం అడుగుతారని ఇంకో భయం. రోజూ తెల్లారగట్ల నన్ను తోడు తీసుకుని మొగ దాకా వెళ్ళేవారు. కాసేపు ఆగి వెనక్కి తిప్పేసేవారు. వెనకాల అందరూ తిప్పేసేవాళ్ళు. సముద్రం ఎలా ఉందో ఆయనకి తెలియదు కాబట్టి ఎలా ఉన్నా తిప్పేయడమే. ఎవరూ వెళ్ళకపోతే ఎవరూ చావరు, ఆయన లెక్క అది.

ఒకరోజు సముద్రం పాలు పోసినట్టుంది. గ్లెన్ తన పడవ మీంచి అరిచాడు, "పెద్దాయనా! ఇందులో మొహం చూసుకుని గడ్డం గీసుకోవచ్చు! ఇంకా ఏం కావాలి నీకు, తివాచీ పరవాలా?" అందరూ నవ్వారు. నవ్వినవాళ్ళలో ఒక్కడికైనా తనంతట తాను వెళ్ళే దమ్ముందా? లేదు. నవ్వుతూనే వెనక్కి తిప్పుకున్నారు. జనం విసుక్కుని ఉత్తరం వైపు రేవులకి వెళ్ళిపోయారు. చేపల కూర హోటలు మూతపడింది. ఆల్డర్ బే ముసలాడికి పిరికితనం పట్టుకుందని మీ ఓడ దాకా చేరింది, చూశావుగా.

మీ నాన్న పిరికివాడన్న మాట ఆయన మింగేశారు. మింగలేనిది వేరే ఉంది. డార్లీన్ రోజూ యాలకుల రొట్టె చేసి పంపేది. "వెస్‌ని తలుచుకుని జంకుతున్నారు, మీరు కుదుటపడాలి" అని చీటీ. ఆయన ఒక్క ముక్క నోట్లో పెట్టలేదు. నిన్న ఆ పిల్లే స్వయంగా రొట్టె పళ్ళెం పట్టుకుని పడవ దగ్గరికి వచ్చింది. చుక్కాని గదిలో బల్ల మీద పెట్టి, పక్కన కూర్చుని, మామూలుగానే చెప్పింది:

"వెస్ ఎప్పుడూ అనేవాడు పెద్దాయనా. మొగలో నేను సముద్రం వైపు చూడను, 'హిల్మా' వెనకభాగం చూస్తాను, అది చాలు అని."

మామయ్య లేచి బయటికి వెళ్ళి నిలబడ్డారు. ఆ పిల్ల వెళ్ళేదాకా లోపలికి రాలేదు.

ఇవాళ పొద్దున్న జనం లేకపోయినా పడవలు వరసకట్టాయి, అలవాటు కదా. గ్లెన్ మాత్రం ఎక్కడో నలుగురిని సంపాదించుకొచ్చాడు. మామయ్య మొగ దగ్గర ఇంజను తగ్గించి రేడియో చేతిలోకి తీసుకున్నారు. మన ఊళ్ళో ప్రతి వంటింట్లోనూ ఆ రేడియో మోగుతూనే ఉంటుందని ఆయనకి తెలుసు.

"నేను ఆర్వోని. నాకు చూపు లేదు. చలికాలం నుంచి లేదు. వెస్ పోయిన రోజు మొగ నేను చూడలేదు, చెవులు నమ్ముకుని వెళ్ళాను, తప్పు చేశాను. ఇకమీదట నా వెనక ఎవరూ రాకండి. అంతే."

సముద్రం హాయిగా ఉంది, మంచు లేదు, ఎవరు చూసినా వెళ్ళొచ్చనే చెప్తారు. ఒక్క పడవ కదల్లేదు. పక్కవాడు కదుల్తాడేమోనని ఒకడి మొహం ఒకడు చూసుకున్నారు. వాళ్ళలో ఎవడూ మొగ వైపు చూడటం నేర్చుకోలేదు టాయివో. ఇన్నేళ్ళూ మన పడవ వెనకభాగమే చూశారు. చివరికి అందరూ తిరిగొచ్చేశారు.

కట్ట మీద డార్లీన్ నిలబడి ఉంది. వంటింట్లోంచి అలాగే వచ్చేసినట్టుంది, చేతులకి పిండి. మామయ్య టోపీ తీశారు.

"ఆ రోజు నీకేం కనబడింది?" అంది.

"ఏమీ కనబడలేదు తల్లీ."

"ఏం వినబడింది?"

"పాట."

కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండును. ఆమె గొంతు కూడా పెంచలేదు. "మా ఆయనవి గద్దకళ్ళు" అంది. "మైలు దూరంలో తిమింగలం ఊపిరి వదిలితే అందరికంటే ముందు తనే చూసేవాడు. తనకి రెండు కళ్ళూ బాగున్నాయి. నువ్వు ముందున్నావని చూడలేదు."

చెయ్యి చాచి "నా పళ్ళెం ఇచ్చెయ్" అంది.

పళ్ళెం చుక్కాని గదిలో బల్ల మీదే ఉంది, ఆయన ఎదురుగా. ఎదురుగా ఉంది కాబట్టి ఆయనకి కనబడలేదు. చేత్తో తడుముకుంటూ వెతికారు. నేను అందుకోబోతే "నువ్వుండు" అన్నారు. కత్తి తగిలింది, కాఫీ కప్పు పడింది, చివరికి పళ్ళెం అంచు దొరికింది. రొట్టె అలాగే ఉంది, ముక్క కూడా తుంచలేదు. ఆ పిల్ల ఆ తడుములాటంతా నిలబడి చూసింది. పళ్ళెం తీసుకుని వెళ్ళిపోయింది. నాకు ఏడుపాగలేదు, ఎవరి కోసమో నాకే తెలియదు.

"నాన్న తరవాత ఆ మొదటి చోటు మనదే, నేనొచ్చేదాకా ఎవరినీ నిలబడనివ్వకు" అని రాశావు. ఆ చోటు ఇక లేదు టాయివో. దానికోసం రాకు. మీ నాన్నకి భోజనం దగ్గర పక్కన కూర్చునే మనిషి కావాలి, దానికోసం రా.

రేపు నేను 'హిల్మా'ని జనం లేకుండా మొగ దాకా తీసుకెళ్తాను. నా కళ్ళతో చూస్తాను. నాకు వెళ్ళొచ్చనిపిస్తే వెళ్తాను. వెనక్కి తిరిగి చూసినప్పుడు ఒక్క పడవైనా నా వెనక వస్తూ కనబడిందా, అక్కడికక్కడే తిప్పేసి వాళ్ళని కట్ట దాకా తిట్టుకుంటూ తోలుకొస్తాను.

మామయ్య కిటికీ దగ్గర కూర్చుని ఉన్నారు. నీకేమైనా రాయమంటారా అని అడిగాను. "వాడడిగింది నిజమేనని రాయి" అన్నారు. కాసేపటికి "సముద్రం ఎలా ఉంది?" అన్నారు. "మీకెలా వినబడుతోంది?" అన్నాను. ఆయన కిటికీ అద్దం ఎత్తి, తల బయటపెట్టి, చాలాసేపు విన్నారు.

"ఇంకా పాడుతూనే ఉన్నారు అమ్మాయ్" అన్నారు.

ఇట్లు,
నువ్వు వచ్చేదాకా మీ నాన్నని చూసుకుంటూ ఉండే
నీ భార్య
లొరెట్టా