మీ ఇల్లే అనుకోండి

జూన్ 3
ఇంటికొచ్చినవాళ్ళతో మీ ఇల్లే అనుకోండి అంటాం. వాళ్ళు నిజంగానే అనుకుంటే? ఏళ్ళుగా ఈ ప్రశ్న నన్ను వదలదు. ఇవాళ గుమ్మంలో మళ్ళీ అదే అన్నాను, మా ఆయన అక్కతో. ఓనరు ఖాళీ చేయమన్నాడని వదిన కుట్టుమిషనుతో సహా దిగింది. వేరే ఇల్లు దొరికేదాకా అంది. వస్తూనే ఫ్యాన్ స్పీడు పెంచింది.

జూన్ 8
వంటింట్లో డబ్బాలన్నీ చోటు మారాయి. నేను పంచదార కోసం వెతుకుతుంటే వదిన వచ్చి, నీ పాత సర్దుడికి దొంగ కూడా విసిగిపోయి వెళ్ళిపోతాడమ్మాయ్ అంది. నాకు నవ్వొచ్చింది. అదే ఇబ్బంది.

జూన్ 11
కిటికీ దగ్గర నా టేబుల్ లేదు. అక్కడ కుట్టుమిషను ఉంది.

జూన్ 12, మధ్యాహ్నం, ఆఫీసు
నిఘంటువు పనిలో ఇవాళ నా వంతుకు వచ్చిన మాట: మి కాసా ఎస్ సు కాసా. స్పానిష్‌ది. ఇంగ్లీషువాళ్ళు ఉన్నదున్నట్టు వాడుకుంటున్నారు. అర్థం ఒక లైను, పుట్టుక రెండు లైన్లు చాలన్నారు ఎడిటర్ గారు. అర్థం తేలికే: మా ఇల్లు మీ ఇల్లే. మొదట ఎవరన్నారో తెలియదు. స్పానిష్ వాళ్ళ పాత మర్యాదల గురించి చదువుతూ కూర్చున్నాను. అతిథి ఏదైనా బాగుందంటే, అది మీదే అనేవాళ్ళట ఇంటివాళ్ళు. అతిథి వద్దనాలి. పుచ్చుకుంటే మోటుతనం. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఈ మాట వెనకా ఆ మర్యాదే ఉందేమో అనిపించింది. ఉంటే, ఇంగ్లీషువాళ్ళు ఈ మాట అచ్చేసుకునే డోర్‌మ్యాట్ల మీదకి సగమే వచ్చింది. వద్దనే సగం అక్కడే ఉండిపోయింది.

జూన్ 15
మా ఆయన దగ్గర మొత్తుకున్నాను. గుమ్మంలో అన్నది నువ్వేగా, ఇప్పుడు మా అక్కనేం అడగమంటావ్ అన్నాడు, ఫోన్‌లోంచి తలెత్తకుండా.

జూన్ 16
భోజనాల దగ్గర వదినే అడిగింది, ఆఫీసులో ఏం రాస్తున్నావమ్మాయ్ అని. చెప్పాను. అర్థం చెప్పి ఆగొచ్చు. ఆగలేదు. అతిథి వద్దనాల్సిన సంగతీ చెప్పాను, నిదానంగా, క్లాసు చెప్పినట్టు. వదిన నవ్వింది. అయితే ఆ రోజు నేను వద్దనాల్సిందన్నమాట, ఎవరూ చెప్పరేం అంది. కూర మళ్ళీ వడ్డించుకోలేదు.

జూన్ 17
టేబుల్ కిటికీ దగ్గరికి వచ్చేసింది. డబ్బాలు పాత చోట్లకి వెళ్ళాయి. పొద్దున వదిన వంటింటి బయటే నిలబడి, కాస్త టీ పెట్టుకోనా అని అడిగింది. నా ఉద్దేశం అది కాదు వదినా అన్నాను. తెలుసులే, నువ్వు అర్థం చెప్పావంతే అంది.

జూన్ 21
వదినకి గది దొరికింది. ఆదివారం వెళుతోంది. ఉండమని రెండుసార్లు అన్నాను. రెండుసార్లూ వద్దంది, ఎంతో మర్యాదగా.
నేను అర్థమే చెప్పానా, వెళ్ళమని చెప్పానా, తేల్చుకోలేకపోతున్నాను.