సైరన్ తీగకు నేత ముడి

మునీంద్రా, మీ అత్త ఆశీస్సులు.

మొన్న నీవు పరీక్షించినప్పుడు మీ మామయ్య పెట్టించిన దొంగల అలారం మోగలేదు. వారంలో బాగుపడకపోతే నన్ను కర్నూలుకు తీసుకుపోతానన్నావు. నీవు అనుమానించినట్లు బ్యాటరీ పాడవలేదు. మీటరుతో నేనే చూశాను. ఎలక్ట్రీషియన్ నిచ్చెన ఎక్కి, నేను చెప్పిన ప్రకారం గోడమీది సైరన్ పెట్టె విప్పాడు. లోపలి తీగను ఎవరో ఊడదీసి, కొసలకు నూలు చుట్టి, నేతవాళ్లు పోగులకు వేసే ముడి వేశారు.

పక్కింట్లో మగ్గం నేసే మల్లక్కను అడిగాను.

"గాలికి తలుపు కదిలితే సాలు, అరుస్తాండాది. పసిబిడ్డ ఉలిక్కిపడి లేస్తాంది. నేనే తీసేసినా టీచరమ్మా! నువ్వు కేకేస్తే మేం రాకుండా ఉంటామా ఏంది?" అంది, ఏమాత్రం బెదరకుండా.

తలుపుకున్న అయస్కాంతం వదులైనందువల్లే అది ఊరికే మోగేది. దాన్ని బిగించి, తీగ కలిపించి, ఎవరికీ చెప్పకుండా మీట నొక్కాను. వీధంతా దద్దరిల్లింది. మల్లక్క మగ్గంలో నూలును అటూ ఇటూ నడిపే నాడెను చేతపట్టుకొనే పరుగెత్తుకొచ్చింది.

"ఏమైంది టీచరమ్మా?"

"పరీక్ష."

"రిటైరైనా పరీక్షలు పెట్టే బుద్ధి పోలేదే నీకు!" అని తిట్టి వెళ్లింది.

సైరనూ, పొరుగూ రెండూ సక్రమంగా పనిచేస్తున్నాయి. కావున కర్నూలులో నా కోసం ఖాళీ చేయించిన గదిలో మీ పిల్లలను చదువుకోనివ్వు.

మీ అత్త