బావ కుర్చీ

అక్కా,

బావ పక్కన నెల రోజులుంటే వ్యాపారం వంటబడుతుందని పంపించావు. ఉండి వచ్చాను. నా టైలరింగ్ షాపులో ఉన్న మిషన్లే ఆయన దగ్గరా ఉన్నాయి. చంక బిగుతైందని ఎవరొచ్చినా పనివాళ్లకివ్వకుండా తనే నిలబడి కుట్లు విప్పుతాడు. ఓనరు చేసే పనేనా అది? అయినా జనం ఆయన కోసమే కాచుకుంటారు. చూస్తుంటే కడుపు మండిపోయింది.

బయల్దేరేటప్పుడు, "ఏం గమనించావయ్యా?" అన్నాడు. "అంతా చూశాను బావా" అన్నాను.

కిటుకంతా ఆ తిరిగే కుర్చీలో ఉందక్కా. అందులో కూర్చుంటే షాపు మొత్తం కనిపిస్తుంది. దాన్ని నాకు పంపించమని చెప్పు. ఆయనకు దాంతో పనేముంది? నెల రోజుల్లో ఒక్కసారి కూడా నన్ను అందులోంచి లేవమనలేదు.

నీ తమ్ముడు